కట్టుబడి మాన్యం నుంచి ఆర్మీ చట్టం దాకా

కడప జిల్లా ఈస్టిండియా కంపెనీ చేతికి సైన్యపు జీతాల పద్దు కింద వచ్చింది. 1800 అక్టోబర్ 12న నిజాం నవాబుకూ కంపెనీకీ కుదిరిన ఒడంబడిక ప్రకారం, హైదరాబాదులో కంపెనీ నిలిపి ఉంచే సైన్యం ఖర్చుకు బదులుగా నిజాం కొన్ని ప్రాంతాలను శాశ్వతంగా వదులుకున్నాడు. అవి 1792లోనూ 1799లోనూ మైసూరు యుద్ధాల తర్వాత ఆయన వాటాకు వచ్చిన ప్రాంతాలే. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం ఆ పద్దులోకి వెళ్లాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కూడా అందులోవే. పెన్నా ఒడ్డున జొన్న, పత్తి పండించే రైతును ఎవరూ అడగలేదు. ఎక్కడో హైదరాబాదులో కవాతు చేసే సిపాయికి నెల జీతం ఇవ్వడానికి అతని పొలం మీది శిస్తు చేతులు మారింది. ‘దత్త మండలాలు’ అనే మాటలో ఇప్పటికీ ఆ లెక్కల వాసన పోలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు సూచించే దాకా ఈ ప్రాంతం ఆ బానిస పేరునే మోసింది.

సైన్యాలను పాలించే చట్టాల గురించి రాయవలసి వచ్చినపుడు మనవాళ్లు సాధారణంగా ఢిల్లీ నుంచి మొదలుపెడతారు. పార్లమెంటు, సుప్రీంకోర్టు, రక్షణ మంత్రిత్వశాఖ - అక్కడితో చర్చ ముగుస్తుంది. నేను ఈ మూడు తాలూకాల నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆయుధం పట్టినవాడికీ రాజ్యానికీ మధ్య ఉండే ఒప్పందంలో రెండు సగాలుంటాయి. ఒకటి విధేయత, రెండవది బతుకుతెరువు. గత రెండు వందల ఇరవై ఏళ్లలో ఈ ఒప్పందాన్ని ఎన్నోసార్లు ‘సంస్కరించారు’, ‘ఆధునికీకరించారు’. ఆ సంస్కరణలను వరుసగా పెట్టి చూస్తే మొదటి సగం ప్రతిసారీ మరింత వివరంగా, మరింత పకడ్బందీగా తయారైంది. రెండవ సగం, మధ్యలో కొంతకాలం పింఛను రూపంలో నిలదొక్కుకున్నా, మొత్తం మీద కుంచించుకుపోతూ వచ్చింది. ఈ సంగతి బాగా కనిపించే చోటు రాయలసీమ. ఎందుకంటే ఇక్కడ ఆ బతుకుతెరువు ఒకప్పుడు కంటికి కనిపించే వస్తువు. అది భూమి.

జమ్మలమడుగుకు దగ్గరలో పెన్నా కొండను కోసుకుని పారేచోట గండికోట ఉంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు అక్కడి నుంచి ఏలారు. అమరనాయంకర పద్ధతి మనకు తెలిసిందే. రాయలు నాయకుడికి సీమ ఇస్తాడు, నాయకుడు దాని రాబడితో ఇంత కాలిబలం, ఇన్ని గుర్రాలు పోషించి పిలిచినపుడు హాజరు కావాలి. 1652లో మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. అదే సంవత్సరం అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కోటలో ఫిరంగులు పోతపోసే ప్రయత్నాల గురించి రాశాడు. ఆ తర్వాత కడప నవాబులు, హైదర్, టిప్పు, నిజాం - పై ప్రభువులు మారుతూ పోయారు. కింద మాత్రం పాలెగాళ్లు నిలిచారు. జమ్మలమడుగుకు ఉత్తరాన నొస్సం, పులివెందుల వైపు వేముల వంటివి అలాంటి పాళేలే. పైవాడు బలహీనపడినపుడల్లా వీళ్లు శిస్తు ఎగవేశారు, కోట బురుజులు ఎత్తుకున్నారు, కావలి రుసుం పేరుతో గ్రామాల దగ్గర వసూళ్లు చేశారు.

పాలెగాడి బలం అతని బంట్రోతులు. వాళ్లను కట్టుబడి బంట్రోతులు అనేవాళ్లు. ‘కట్టుబడి’ అనే మాటను కాస్త నిలిపి చూడవలసి ఉంది. మాటకు కట్టుబడి ఉండటం అని మనం రోజూ అంటాం. భూమి లెక్కల్లో అదే మాటకు స్థిరపరచిన తక్కువ శిస్తు మీద అనుభవించే మాన్యం అని అర్థం. బంట్రోతు విషయంలో ఈ రెండర్థాలూ ఒకటే. అతనికి ఊళ్లో కొంత చేను ఉంటుంది, దాని మీద నామమాత్రపు శిస్తు ఉంటుంది, కేక వినపడితే ఈటెనో తుపాకినో పట్టుకుని బయలుదేరాలి. అతని చట్టం ఎక్కడా రాసి ఉండదు. గట్టు రాయే దాని మొదటి పుట. తండ్రి పోతే కొడుక్కు చేనూ వస్తుంది, ఈటే వస్తుంది. యుద్ధంలో చచ్చినవాడి పేర వీరగల్లు నిలబెట్టి, అతని కుటుంబానికి భూమి విడిచిన ఉదాహరణలు మన శాసనాల్లో అంతకుముందు నుంచీ ఉన్నవే.

దీన్ని స్వర్ణయుగంగా చిత్రించే ప్రయత్నం నాకు లేదు. ఈ మధ్య పాలెగాళ్లను ప్రజావీరులుగా, బంట్రోతులను విప్లవసైన్యంగా చూపే రచనలు కొన్ని వస్తున్నాయి. పాలెగాడు భూస్వామ్య ప్రభువు. అతని కావలి రుసుం కట్టలేని రైతు పశువులు పోగొట్టుకున్నాడు. రెండు పాళేలు కొట్లాడుకుంటే మధ్య ఊళ్లు తగలబడ్డాయి. మెకంజీ కోసం గుమాస్తాలు ఊరూరా తిరిగి రాసిన కైఫియ్యత్తులు ఓపికగా చదివితే ఆ బాధ తెలుస్తుంది. పాడుపడి మళ్లీ కట్టిన ఊళ్ల ప్రస్తావన అందులో అడుగడుగునా వస్తుంది. అయినా ఆ వ్యవస్థలో బంట్రోతుకు ఒక హామీ ఉంది. ప్రభువు మారినా చేను అతనిదే. ఆ హామీ మీదే తర్వాత దెబ్బ పడింది.

1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో స్వయంగా సైనికాధికారి. ఎనభైమంది పాలెగాళ్లూ, వాళ్ల చేతికింద దాదాపు ముప్ఫైవేల మంది సాయుధులూ ఇక్కడ ఉన్నట్టు అప్పటి లెక్క. మన్రో వేసిన ఎత్తు చాలా సరళమైంది. పాలెగాడి మీద పూర్తి శిస్తు వేశాడు. చెల్లించాలంటే బంట్రోతులను వదులుకోవాలి. వదులుకోకపోతే బకాయి పడతాడు. బకాయి పడితే తిరుగుబాటుదారు. జనరల్ డూగల్డ్ కాంప్‌బెల్ దళాలు ఆ తర్వాతి పని చూసుకున్నాయి. కొందరు ఖైదుకు, కొందరు పరాయి సీమకు పోగా, మిగిలినవాళ్లు నెలసరి పింఛనుకు ఒప్పుకున్నారు. లండన్‌లో కంపెనీ డైరెక్టర్లకు ఈ పద్ధతి మరీ కటువుగా తోచి మందలించారు కూడా. మన్రో తగ్గలేదు. ఏడేళ్లలో పాళేల సైనికశక్తి అంతరించింది.

మన్రోను తండ్రిలాంటివాడని మన పెద్దలు చెప్పుకునేవారు. రైతుకూ సర్కారుకూ మధ్య దళారి లేకుండా చేశాడన్న కీర్తి ఆయనది. అందులో నిజం ఉంది. కానీ రైత్వారీతో పాటు ఆయన ఇంకో పని చేశాడు, దానికి అంత ప్రచారం రాలేదు. ఆయుధం పట్టే హక్కునూ భూమిని అనుభవించే హక్కునూ విడదీశాడు. ఇకమీదట ఆయుధం కంపెనీ ఇస్తుంది, జీతం కంపెనీ ఇస్తుంది, చేను కావాలంటే అందరిలాగే పట్టా తీసుకుని శిస్తు కట్టాలి. కట్టుబడి బంట్రోతుల మాన్యాలను ఒక్కసారిగా లాక్కోలేదు. పోలీసు చాకిరీ చేయాలన్న షరతు మీద వాళ్లను ఉండనిచ్చారు. ఆ షరతును మర్చిపోకూడదు, నలభై ఏళ్ల తర్వాత కథ దాని చుట్టూ తిరుగుతుంది.

మరి కంపెనీ తన సిపాయిని ఏ చట్టంతో కట్టేసింది? ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకమైన బంధుత్వం ఉంది. బెంగాలు వైపు కంపెనీ తొలిరోజుల సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవాళ్లు. క్లైవు వెంట దక్షిణాది నుంచి వెళ్లిన తెలుగు సిపాయిల వల్ల ఆ పేరు నిలిచింది. ఎంతగా నిలిచిందంటే, 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధ్, బీహారు సిపాయిలను కూడా ఉర్దూ రచయితలు తిలంగాలనే రాశారు. మన జాతి పేరు ఒక పరాయి భాషలో ‘కూలి సైనికుడు’ అన్న అర్థంతో స్థిరపడిందన్నమాట. నిఘంటువు నిర్మాణం చేసేవాళ్లు ఎందుకో ఈ మాటను పట్టించుకోరు.

కంపెనీ సైన్యానికి సైనికశిక్షలు విధించే అధికారాన్ని 1754లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం ద్వారా ఇచ్చింది. దాని కింద ఆర్టికల్స్ ఆఫ్ వార్ అనే యుద్ధనియమావళి తయారైంది. వాటిని పటాలం ముందు చదివి వినిపించేవాళ్లు. రాయడం, చదవడం రాని సిపాయికి చట్టం చెవితో విన్న వస్తువు. ఏ తప్పుకు మరణం, ఏ తప్పుకు ఎన్ని కొరడాదెబ్బలు అన్నది అతను పురాణం విన్నట్టు నిలబడి వినాలి. సిపాయిని విచారించే కోర్టుమార్షల్‌లో దేశీయ అధికారులే కూర్చునేవాళ్లు, పక్కన ఒక దొర పర్యవేక్షకుడిగా ఉండేవాడు. తీర్పు చెప్పే నోరు మనది, చెప్పించే కన్ను వాళ్లది.

ఈ నియమాలను ‘నవీకరించిన’ ఒక సందర్భం చాలా ప్రసిద్ధం. మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడక్ ఆధ్వర్యంలో కొత్త స్టాండింగ్ ఆర్డర్లు తయారయ్యాయి. అంతకుముందు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న ఉత్తర్వులను ఒకచోట చేర్చి క్రమబద్ధం చేయడమే ఉద్దేశం. అందులో సిపాయి కవాతుకు వచ్చేటపుడు నుదుట బొట్టూ నామమూ ఉండరాదనీ, చెవిపోగులు తీయాలనీ, గడ్డం గీయాలనీ, మీసం ఒకే కొలతలో కత్తిరించాలనీ రాశారు. దీనికి తోడు తోలు అలంకారం పెట్టిన కొత్తరకం తలపాగా వచ్చింది. 1806 మే నెలలో వేలూరులో కొందరు సిపాయిలు ఆ తలపాగా పెట్టుకోమన్నారు. ఒక హిందువుకూ ఒక ముస్లిముకూ తొమ్మిదేసి వందల కొరడాదెబ్బలు శిక్షపడింది. జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోట తిరగబడింది. తెల్ల సైనికులు వందమందికి పైగా చచ్చారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళం వచ్చిన తర్వాత చచ్చిన సిపాయిలు మూడు వందలకు పైమాటే. అటుపైన విచారణలు జరిగి, కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు.

వేలూరులో ఉన్న పటాలాల్లో ఒకదాంట్లో తిరునల్వేలి వైపు పాళేల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. పాలెగాడి బంట్రోతు కంపెనీ సిపాయి కావడమంటే ఏమిటో ఆ పటాలం చెబుతుంది. పాతచోట మీసం అతని హోదా. కొత్తచోట అది ఉత్తర్వులోని ఒక పేరా.

ఆ ఆగస్టులో మన్రో అనంతపురం నుంచి గవర్నరు విలియం బెంటింకుకు ఉత్తరం రాశాడు. వేలూరులో బందీలుగా ఉన్న టిప్పు కొడుకుల కుట్రే ఇదంతా అని మద్రాసు అధికారులు కొందరు వాదిస్తున్న సమయం అది. మన్రో ఆ వాదాన్ని నమ్మలేదు. సిపాయిలను కిరస్తానీలుగా మార్చే ఏర్పాటు ఇదని తన ప్రాంతంలోని తెలివైనవాళ్లే అనుకుంటున్నారనీ, దుస్తుల ఉత్తర్వే మూలమనీ తెలియజేశాడు. అంటే కడప, అనంతపురం సంతల్లో, చావళ్లలో ఈ సైనిక ఉత్తర్వు మీద అప్పుడే చర్చ జరిగిపోయింది. చట్టం తయారుచేసినవాళ్లకు తెలియని సంగతి దత్తమండలాల రచ్చబండకు తెలుసు. ఉత్తర్వులు రద్దయ్యాయి. 1807లో బెంటింకునూ క్రాడక్‌నూ లండన్ వెనక్కు పిలిపించింది.

మరో మూడేళ్లకు, 1809లో, అదే మద్రాసు సైన్యంలో ఇంకో తిరుగుబాటు జరిగింది. ఈసారి తిరగబడ్డవాళ్లు తెల్ల అధికారులు. గుడారాల సరఫరా కింద వాళ్లకు ముట్టే భత్యాన్ని ప్రభుత్వం తీసేసింది. దాంతో మచిలీపట్నంలో, హైదరాబాదులో, శ్రీరంగపట్నంలో ఉత్తర్వులు ధిక్కరించారు. మచిలీపట్నంలోనైతే తమ పై అధికారినే నిర్బంధించారు. యుద్ధనియమావళి ప్రకారం ఇదీ మరణశిక్ష పడే నేరమే. పడిందా? కొద్దిమంది ఉద్యోగాలు పోయాయి, మిగిలినవాళ్లందరికీ క్షమాభిక్ష. తలపాగా కోసం తిరగబడ్డవాడు ఫిరంగి మూతికి పోయాడు, భత్యం కోసం తిరగబడ్డవాడు పింఛను దాకా బతికాడు. వర్గసమాజంలో చట్టం అందరికీ సమానం అనే సూత్రం మీద వ్యాసాలు రాసే విద్యార్థులకు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడమని నా సలహా.

బెంటింకు కథ ఇంకా ఉంది. వేలూరు మచ్చతో వెళ్లినవాడు 1828లో గవర్నర్ జనరల్‌గా తిరిగివచ్చాడు. 1835 ఫిబ్రవరిలో, తిరిగి వెళ్లబోయే ముందు, దేశీయ సైన్యంలో కొరడాశిక్షను రద్దుచేశాడు. అప్పటికి బ్రిటిష్ సైనికుడి వీపు మీద కొరడా ఇంకా ఆడుతూనే ఉంది. తెల్లవాడికి ఉన్న శిక్ష నల్లవాడికి లేకపోవడం చాలామంది అధికారులకు మింగుడుపడలేదు. పదేళ్లలో, 1845లో, హార్డింజి కాలంలో యుద్ధనియమావళిని మళ్లీ సవరించి కొరడాను తిరిగి తెచ్చారు. సంస్కరణ ఎప్పుడూ ముందుకే నడుస్తుందని నమ్మేవాళ్లకు ఈ పదేళ్లు మంచి పాఠం. 1920 దాకా ఆ శిక్ష పుస్తకంలో ఉంది.

కొరడా తిరిగివచ్చిన మరుసటి ఏడాదే మన సీమలో కట్టుబడి మాన్యాల వ్యవహారం పేలింది. మన్రో కాలంలో పింఛను ఒప్పుకున్న నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి. ఆయన దౌహిత్రుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలోని తాలూకా. జయరామిరెడ్డి చనిపోయాక ఆ పింఛను నరసింహారెడ్డికి రాలేదు. ఆయనకు తన వంతుగా వచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. మద్రాసు సిపాయి జీతం ఏడు రూపాయలు. పాలెగాడి మనవడికీ మామూలు సిపాయికీ మధ్య తేడాను కంపెనీ నాలుగైదు రూపాయలకు దించేసింది!

కానీ ఒక్క పింఛను తగాదాతో వేలమంది కదలరు. అదే రోజుల్లో ప్రభుత్వం కట్టుబడి మాన్యాల మీద కొత్త నిర్ణయం తీసుకుంది. అనుభవిస్తున్న బంట్రోతు చనిపోతే ఆ మాన్యం వారసుడికి పోదు, సర్కారుకు జప్తు. జీతపు పోలీసులు ఉండగా భూమి తినే బంట్రోతు ఎందుకన్నది దాని తర్కం. పరిపాలన దృష్టితో చూస్తే అది ఖర్చు తగ్గించే చిన్న సవరణ. బంట్రోతు ఇంటి నుంచి చూస్తే తండ్రి శవం లేచిన రోజే చేనూ లేస్తుంది. ఈ కోపమే 1846 జూలైలో నరసింహారెడ్డి వెనక నిలబడింది. కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. గిద్దలూరు దగ్గర కంపెనీ దళంతో తలపడ్డారు. అక్టోబర్ 6న పేరుసోమల ప్రాంతపు కొండల్లో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. ఆయన తలను కోట గోడ మీద ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచారు.

ఆయనతో పాటు దాదాపు తొమ్మిది వందల మంది మీద నేరం మోపారు. అందులో నూటపన్నెండు మందికి అయిదు నుంచి పద్నాలుగేళ్ల దాకా శిక్షలు పడ్డాయి. మన సాహిత్యం నరసింహారెడ్డి దగ్గర ఆగిపోతుంది, తొమ్మిది వందల దాకా రాదు. జానపదుల పాటల్లో ఆయన బతికాడు. ఆ పాటలను సేకరించి తంగిరాల వెంకటసుబ్బారావు గారు ‘రేనాటి సూర్యచంద్రులు’లో గొప్ప సేవ చేశారు. 2019లో సినిమా కూడా వచ్చి దేశమంతా చూసింది. ఇవన్నీ కావలసినవే. అయితే గాథ నిర్మాణానికి ఒక వర్గస్వభావం ఉంటుంది. ప్రభువుకు జరిగిన అవమానం కథ అవుతుంది, బంట్రోతు మాన్యం పోవడం నేపథ్యం అవుతుంది. పదకొండు రూపాయల పింఛను మీద మనకు సంభాషణలున్నాయి. జప్తయిన చేను మీద ఒక్క మంచి కథ నా కంటబడలేదు. తిరుగుబాటుకు తల ఎవరిదో అందరికీ తెలుసు, కాళ్లెవరివో చెప్పవలసిన బాధ్యత రచయితది.

ఆ తర్వాత మిగిలిన పని కాగితం మీద సాగింది. 1858లో మద్రాసు ప్రభుత్వం టేలర్ నాయకత్వంలో ఇనాం కమిషన్ వేసింది. సేవా మాన్యాలను పరిశీలించి, కొంత క్విట్‌రెంటు వేసి, సేవ నుంచి విడదీసి పట్టా భూములుగా మార్చే పని మొదలైంది. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చి, యూనిఫాం వేసుకున్న జీతపు పోలీసు ఊళ్లోకి దిగాడు. కట్టుబడి అనే మాటకున్న రెండర్థాలూ అలా విడిపోయాయి. భూమి ఒకచోటికి, ఆయుధం ఒకచోటికి.

మరి తిలంగా ఏమయ్యాడు? 1881 నుంచి మద్రాసు సైన్యాధిపతిగా, తర్వాత భారత సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. యుద్ధజాతుల సిద్ధాంతమన్న పేరుతో పంజాబు, నేపాలు వైపు మొగ్గు చూపి తెలుగువాళ్ల చేరికను బాగా తగ్గించేశారు. 1895లో మద్రాసు సైన్యం ప్రత్యేకంగా లేకుండా పోయింది. ప్లాసీ నుంచి సామ్రాజ్యం కోసం కాల్చిన తుపాకీ తెలుగువాడిది. సామ్రాజ్యం స్థిరపడ్డాక అతని రక్తం పలచనైందట! దీన్ని మనం గర్వభంగంగా భావించి రోషం తెచ్చుకోవడం కంటే, ఒక ఉపాధి ఎలా ఒక్క కలంపోటుతో పోతుందో గమనించడం మేలు.

ఆర్టికల్స్ ఆఫ్ వార్ 1869లో మళ్లీ రాశారు. 1911లో ఇండియన్ ఆర్మీ యాక్టు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1950లో మన పార్లమెంటు ఆర్మీ చట్టం చేసింది. ఆ జూలై 22 నుంచి అది అమలులోకి వచ్చింది. రాజ్యాంగం పుట్టిన సంవత్సరంలోనే పుట్టిన చట్టం కదా అని ఆశతో తెరిచినవాడికి నిరాశ తప్పదు. చాలా భాగం 1911 నాటి అస్థిపంజరమే. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. సంఘాల్లో చేరడం, సభలకు పోవడం, పత్రికలకు రాయడం మీద ఆంక్షలు విధించడానికి 21వ సెక్షను దారి వేసింది. 63వ సెక్షను ‘సత్ప్రవర్తనకూ సైనిక క్రమశిక్షణకూ భంగకరమైన’ ఏ పనికైనా, ఏ పని చేయకపోయినా ఏడేళ్ల దాకా ఖైదు విధించవచ్చునంటుంది. ఆ మాటల గంపలో పట్టని నేరం లేదు.

ఇంతకన్నా చెప్పుకోవలసింది సమ్మరీ కోర్టుమార్షల్. ఇందులో పటాలం కమాండింగ్ అధికారి ఒక్కడే న్యాయస్థానం. ఇద్దరు కూర్చుంటారు గాని తీర్పులో వాళ్లకు పాలు లేదు. సిపాయిని ఏడాది దాకా జైలుకు పంపవచ్చు, ఉద్యోగం నుంచి తీసేయవచ్చు. అధికారులను మాత్రం ఈ పద్ధతిలో విచారించడానికి వీల్లేదు. జూనియర్ కమిషన్డ్ అధికారిని కూడా వీల్లేదు. సిపాయి, నాయక్, హవల్దార్ వరకే దాని పరిధి. 1806, 1809 తేదీల మధ్య ఉన్న ఆ పాత దూరం ఇక్కడ సెక్షను రూపంలో నిలిచి ఉంది.

1982లో పృథిపాల్ సింగ్ బేడీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాల మీద ఘాటుగానే మాట్లాడింది. సాక్ష్యాన్ని తిరిగి పరిశీలించే ఒక్క అప్పీలైనా లేకపోవడం పెద్ద లోపమన్నది. దేశంలో చిల్లర దొంగకు కూడా అప్పీలు ఉంది, సరిహద్దు కాసేవాడికి లేదు. పార్లమెంటు వినడానికి పాతికేళ్లు పట్టింది. 2007లో సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం వచ్చి, 2009లో ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. ఇది నిజమైన మేలు, కాదనడం అన్యాయం. 2020లో బబితా పునియా కేసులో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలన్న తీర్పూ అలాంటిదే. 2023లో వచ్చిన అంతర్ దళాల సంస్థల చట్టం మాత్రం వేరే దారిది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం కలిసి పనిచేసే సంస్థల్లో అధిపతికి మూడు దళాలవాళ్ల మీదా క్రమశిక్షణాధికారం ఇచ్చింది. 2024 మే నుంచి అమలులో ఉంది. పాలన సులువవుతుంది, నిజమే. విధేయత సగం మరికొంచెం చక్కబడింది.

బతుకుతెరువు సగం సంగతికి వస్తే, 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. పదిహేడున్నర ఏళ్లవాడు చేరతాడు. నాలుగేళ్లు చేస్తాడు. నూటికి పాతికమందికి మించకుండా ఉంచుకుంటారు. మిగిలినవాళ్లు దాదాపు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఇంత మార్పుకు పార్లమెంటులో చట్టం అక్కరలేకపోయింది, ప్రభుత్వ నిర్ణయం చాలింది. ఆర్మీ చట్టంలో విధేయత గురించిన ఒక్క వాక్యం మార్చాలంటే సవరణ బిల్లు తేవాలి. ఉద్యోగకాలాన్ని నాలుగేళ్లకు కుదించడానికి ఒక పత్రికా సమావేశం సరిపోతుంది. కట్టుబడి మాన్యాల జప్తు కూడా శాసనంతో జరగలేదు, రెవెన్యూ ఉత్తర్వుతోనే జరిగింది. జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్లు వైపు కుర్రవాడొకడు చనిపోయాడు. పరుగు పోటీలో గెలిచి, వైద్యపరీక్షలో నెగ్గి, రాతపరీక్ష కోసం రెండేళ్లుగా కాచుకుని కూర్చున్నవాళ్లు ఆ గుంపులో ఎందరో. రైళ్లు తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. ఆ కుర్రవాళ్లు అడిగిందేమిటో వినిపించుకోకపోవడాన్ని మాత్రం సమర్థించినవాళ్లు చాలామంది కనిపించారు.

రాయలసీమలోనూ ఈ చదువుకున్న రైతుబిడ్డలు తక్కువ కాదు. వానలు రాని చేలు, అప్పులు, ముఠాకక్షల జ్ఞాపకాలు మధ్య పెరిగే కుర్రవాడికి ఫౌజు ఉద్యోగం ముందు బయటపడే దారి, ఆ తర్వాతే దేశభక్తి. పాలెగాడి వెంట ఈటె పట్టినవాడి ముని మునిమనవడు అతను కావచ్చు, కాకపోవచ్చు. అతనికి ఆ సంగతి తెలిసే మార్గమైతే ఉంది. ఇనాం కమిషన్ ప్రతి గ్రామానికీ ఒక ఇనాం ఫెయిర్ రిజిస్టరు తయారుచేసింది. మొదట మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ సేవకు ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఎంత క్విట్‌రెంటు వేశారు - ఒక్కో గడిలో ఒక్కో సంగతి రాశారు. చరిత్రలో పాలెగాళ్ల పేర్లే మిగిలాయనే మాట ఆ రిజిస్టరు తెరవనంతవరకే నిజం. బంట్రోతుల పేర్లు, తండ్రుల పేర్లతో సహా, గడిగడికీ ఉన్నాయి. జమ్మలమడుగు తాలూకా గ్రామాలతో ఎవరైనా మొదలుపెట్టవచ్చు.